తువాలు కింద చెయ్యి

మూడు రోజులుగా ఖలందర్‌కు అన్నం సయించడం లేదు. ఎందుకంటారా? దర్గాకు కొత్తగా వచ్చిన ఎద్దులే కారణం.

తోటకు నీళ్ళు తోడటానికి ఒక జత కావాల్సి వచ్చింది. దర్గా పెద్ద నన్నేపీరు బాబా, ఆ పుణ్యాత్ముణ్ణి తలచుకుంటేనే నాకు మనసు చల్లబడుతుంది, పదేళ్ళుగా తన దగ్గరున్న ఖలందర్‌ను కాదని, మొన్న మొన్న చేరిన లాలెప్పను ఆదోని సంతకు పంపాడు. లాలెప్ప ఎద్దుల్ని తోలుకొచ్చాడు. ఖలందర్ వాటి పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, తోకలు కూడా ఎత్తి చూశాడు. ఒక్క వంకా దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

నాలుగో రోజు పొద్దున్నే బాబా ముందు కూర్చున్నాడు.

"బాబా, లాలెప్పను పంపించెయ్యండి."

"ఎద్దులు బాగలేవా అబ్బీ?"

"ఎద్దులు బాగానే ఉండాయి. బేరమే బాగలేదు. సంతలో ధర నోటితో చెప్పరు గదా. చేతులమీద తువాలు కప్పి, కింద వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. వాడు ఆ అమ్మేటోడి చెయ్యి పట్టుకుని ఎంతసేపు నవ్వినాడో. చెరుకురసం బండి చాటు నుంచి చూసినాను."

"నువ్వూ పోయినావా సంతకు?"

ఖలందర్ ఆ మాట దాటేశాడు. "మీ తరఫున పోయినోడు బాబా. ఆ తువాలు కింద వాడి చెయ్యి మీ చెయ్యే గదా. దాంతో వాడు తనకేమన్నా అడుక్కుని ఉంటే?"

బాబా భుజం మీది తువాలు తీశాడు. చెయ్యి చాపాడు.

"నేను ఎద్దులమ్మేవాణ్ణి. నువ్వు దర్గా తరఫున వచ్చినావు. కానివ్వు, బేరమాడు."

ఖలందర్‌కు హుషారు వచ్చింది. తువాలు కింద బాబా వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ ధర తగ్గించుకుంటూ వచ్చాడు. అప్పుడు బాబా అతని అరచేతిలో బొటనవేలితో మెల్లగా నొక్కాడు.

"ఇది నీకు. ధర మాత్రం నేను చెప్పినంతే."

ఉత్తుత్తి బేరమే. అక్కడ ఎద్దులూ లేవు, ఇచ్చేదీ లేదు. అయినా ఖలందర్ చెయ్యి వెనక్కి రాలేదు. చూపుడువేలు తనంతట తానే కదిలి, ఎంత అని అడిగింది.

బాబా ముఖంలో ఏ మార్పూ లేదు. బయట లాలెప్ప ఎద్దుల్ని అదిలిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"వాణ్ణి పిలుస్తాను. పంపించేసే ముందు, వాడి ఎదురుగా ఈ తువాలు తీద్దామా అబ్బీ?"

ఖలందర్ రెండో చేత్తో తువాలును గట్టిగా అదిమిపట్టుకున్నాడు.