గొంతు దాచుకున్న భాగవతారిణి

తారకేశ్వరి భాగవతారిణి గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యురాలు ఏదైనా అడిగితే ఆ పూట జవాబు చెప్పేవారు కాదు. శ్రద్ధగా విని, తాంబూలం వేసుకుని, వేరే మాటలోకి వెళ్లిపోయేవారు. ఆ జవాబు తర్వాత ఎప్పుడో, అడిగిన మనిషి ఏమరుపాటుగా ఉండగా నెత్తిమీద మొట్టికాయలా పడేది.

పార్వతీపురంలో ఆవిడ ఇంట్లోనే ఉండి హరికథ నేర్చుకుంటున్న హైమ ఒకరోజు కథ సంగతి వదిలేసి కంప్యూటర్ సంగతి అడిగింది. దానికి కారణం లేకపోలేదు. గురువుగారు పాడిన కథలన్నీ హైమ తన పాత ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి పెట్టుకుంది. ఒక ఉదయం అది తెరుచుకోలేదు. లోపల అన్నిటినీ దాచే ఎస్ఎస్‌డీ చచ్చిపోయిందనీ, అందులోంచి ఏమీ రాదనీ షాపతను చేతులెత్తేశాడు. ఆ కథలు హైమకి నోటికి వచ్చు కాబట్టి బతికాయి. నిండుగా పలికిన ఆ గొంతు మాత్రం పోయింది. ఆ పూట హైమ అన్నం ముట్టలేదు. ఇక నేర్చుకోకుండా, రికార్డు చేయకుండా మిగిలింది ఒకే ఒక్క కథ, గంగ నేలకు దిగే కథ. గురువుగారి గురువు కట్టినది. అచ్చు కాలేదు, ఈవిడకు తప్ప ఇంకెవరికీ రాదు. ఈవిడకు ఎనభై దాటాయి.

కొత్త ల్యాప్‌టాప్ అమ్ముతూ షాపతను నాలుగు మంచి మాటలే చెప్పాడు. లోపల ఉన్నదాన్ని చూసుకుంటే ఎస్ఎస్‌డీ అరగదట, కొత్తవి ఎక్కిస్తూ చెరుపుతూ ఉంటే అరుగుతుందట. దాన్ని గొంతుదాకా నింపకుండా కాస్త జాగా వదలాలి, ముఖ్యమైనవాటికి ఇంకోచోట నకలు ఉంచుకోవాలి. మామూలు వాడకానికి ఏళ్ల తరబడి వస్తుందని కూడా అన్నాడు. కానీ ఒకసారి దెబ్బతిన్నవాళ్లకి అన్ని మాటలూ వినిపించవు. హైమ చెవిలో మిగిలింది 'అరుగుతుంది' అన్న ఒక్క మాటే.

ఈసారి దీన్ని చావనిచ్చేది లేదని హైమ పట్టుబట్టింది. రోజూ పాఠాన్ని రికార్డు చేయడం మానేసింది. గురువుగారి గొంతు బ్రహ్మాండంగా పలికే రోజు చూసుకుని, కథ మొత్తం ఒక్కసారే, ఒక్క తప్పూ లేకుండా ఎక్కించాలని కాచుకుని కూర్చుంది. శుక్రవారం ఇల్లు కడిగినట్టే ల్యాప్‌టాప్‌నీ శుభ్రం చేసేది. పాత హార్డ్‌డిస్కుల కాలంలో ఎవరో నేర్పిన డీఫ్రాగ్ నడిపి, లోపలి ముక్కలన్నిటినీ వరసగా సర్దించేది. ఎస్ఎస్‌డీకి ఆ సర్దుడు అక్కర్లేదనీ, సర్దిన ప్రతిసారీ అది ఇంకాస్త అరుగుతుందనీ తెలియదు పాపం. ఇక సాయంత్రాలు, సిగ్నల్ ఆగి ఆగి వస్తుందని సీరియళ్లు డౌన్‌లోడ్ చేసుకుని, చూసి, తీసేసేది. చూడటానికి అరుగుదల ఏముంటుందని ఆమె ధీమా.

"గురువుగారూ, అరిగిపోయే వస్తువుని పదికాలాలపాటు నిలబెట్టుకోవడం ఎలాగండీ?" అని హైమ అడిగింది.

గురువుగారు విన్నారు. తాంబూలం నములుతూ, బజార్లో బెండకాయలు ఎలా ఉన్నాయని అడిగారు.

మర్నాడు హైమ శ్రుతిపెట్టె తెచ్చుకుని పాఠానికి కూర్చుంటే ఆవిడ తల అడ్డంగా ఊపారు. తన గొంతు కూడా అరిగేదేననీ, బాగా పలికే రోజు కోసం దాచుకుంటున్నాననీ చెప్పి లేచిపోయారు. తన మాట గురువుగారికి నచ్చిందని హైమ లోలోపల మురిసిపోయింది. ఆ మురిపెం గుమ్మం దాటేలోపే ఆవిరైంది. గురువుగారు వీధరుగు మీద నిలబడి కూరగాయలామెతో బేరం మొదలుపెట్టారు. ఆ బేరం వీధి చివరిదాకా వినిపించింది. తర్వాత పాలవాడి వంతు. పాలలో నీళ్ల గురించి అతనికి ఒక చిన్న హరికథే చెప్పి పంపారు. మధ్యాహ్నం గోడ మీదుగా పక్కింటావిడకి ఎవరిదో పెళ్లి ముచ్చట మొదటినుంచి చివరిదాకా వినిపించారు. పాఠం మాత్రం లేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి ఆవిడ గొంతు బొంగురుపోయింది.  హైమ మిరియాల కషాయం కాచి ఇస్తే గురువుగారు గటగటా తాగేసి, ఆ బలంతో ఇస్త్రీ అతని మీద కేకలు వేయడానికి వెళ్లారు.

హైమ ఇక ఆగలేకపోయింది. కళ్లనీళ్లు పెట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. "బెండకాయలకీ పాలవాడికీ ఉన్న గొంతు మీ కథకి లేదాండీ? మీతోనే పోతుందేమోనని నాకు భయంగా ఉంది."

గురువుగారు కోప్పడలేదు. అరుగు మీద నిమ్మళంగా కూర్చున్నారు. "నిన్న సాయంత్రం చూశావే సీరియల్, అది ఎక్కడ పెట్టుకున్నావు?"

ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకున్నాననీ, చూశాక తీసేశాననీ హైమ చెప్పింది.

"మొన్నటిది?"

అదీ అందులోనే అని చెబుతుండగానే హైమకి వెలిగింది. డౌన్‌లోడ్ అయిన ప్రతి సీరియలూ అందులో ఎక్కినట్టే, తీసేసిన ప్రతిదీ చెరిపినట్టే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తాను రోజూ తొక్కుతూ, శుక్రవారం పనిగట్టుకుని కడుగుతూ ఉంది. ఇంత కాపలా కాసిన పెట్టెలో కథ ఒక్క ముక్క కూడా లేదు. 

ఏడుస్తూ కూర్చునే పిల్ల కాదు హైమ. ఆ సాయంత్రమే సీరియళ్లు మానేసింది, సర్దడమంటే చెరిపి మళ్లీ ఎక్కించడమేనని తెలుసుకుని శుక్రవారం సర్దుళ్లకు స్వస్తి చెప్పింది. ఎవరెవరివో పెళ్లి వీడియోలు తీసేస్తే లోపల బోలెడంత జాగా మిగిలింది. పరుపు మీద వేడెక్కుతూ పడుండే ల్యాప్‌టాప్‌ని గాలి ఆడే చోట బల్ల మీదికి మార్చింది. ఏ పూట పాఠాన్ని ఆ పూటే రికార్డు చేసి, నకలు తీయడానికి ఇంకో డిస్కు తెచ్చుకుంది. తెల్లవారాక గురువుగారి ఎదుట కూర్చుని, పాడమని చేతులు జోడించింది.

గురువుగారు అందుకున్నారు. వారం రోజుల కేకలతో గొంతు గరగరలాడుతోంది. గంగ ఆకాశం నుంచి దూకే చోట పై స్థాయి అందక, స్వరం జీరపోయి విరిగింది. అంతవరకూ చెరిపేసి మళ్లీ మొదలుపెడదామని హైమ చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది. గురువుగారు పాట ఆపి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీవే. వాడుకున్న గొంతు అలాగే పలుకుతుంది."