కారుకు అక్కరలేని గొప్ప

నర్సీపట్నంలో సన్యాసినాయుడు అనే ఎరువుల వ్యాపారి ఉండేవాడు. ఖరీదు ఎక్కువైతేనే ఏ వస్తువైనా మంచిదని నమ్మడం అతని జబ్బు. సెకండ్‌హ్యాండులో కొన్న చిన్న కారుకు ఎప్పుడూ ప్రీమియం పెట్రోలే పోయించేవాడు. "మామూలుది మా బండికి పడదు!" అని బంకులో నలుగురూ వినేటట్టు చెప్పేవాడు. పసిపిల్లకు పోతపాలు పడవన్నట్టు!

ఆ మాట వింటే కూతురు హిమజకు ఒళ్లు మండేది. ఒకరోజు కారుతోపాటు వచ్చిన పుస్తకం తీసి చూపించింది.

"ఇదిగో నాన్నా, మామూలు పెట్రోలు చాలని కారు చేసినవాళ్లే రాశారు. ఆ ఖరీదైనది కొన్ని రకాల ఇంజన్లకే కావాలి. మనదానికి పోస్తే ఒరిగేదేమీ లేదు."

"పుస్తకం రాసినవాడు మన కారు నడిపాడేంటి?" అన్నాడు నాయుడు. "నువ్వు పరీక్ష సంగతి చూసుకో. బండి సంగతి నాకొదిలెయ్."

ఆ పరీక్ష రానే వచ్చింది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష. కేంద్రం అనకాపల్లిలో. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. ఏడాదిపాటు సినిమా, పెళ్లి, పండగ అన్నీ మానుకుని చదివింది హిమజ. బస్సులో పోతానంటే తండ్రి ఒప్పుకోలేదు.

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సేమిటే? నా పరువేం కాను?"

బయలుదేరాక చూస్తే, పెట్రోలు అయిపోవచ్చిందని కారులో ఎర్రదీపం వెలుగుతోంది. నాయుడు దారిలో బంకు దగ్గర ఆపాడు.

"ప్రీమియం అయిపోయింది బాబూ. మామూలుది పొయ్యమంటారా?" అంది అక్కడ పనిచేసే నూకాలమ్మ.

"పోయించు నాన్నా, టైమవుతోంది" అంది హిమజ.

"రెండూ కలిస్తే ఇంజను చెడిపోద్ది."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ఆమాత్రం నాకు తెలీదూ?"

నూకాలమ్మ నవ్వింది. "రోజూ ఎంతమందో కలిపి పోయించుకుంటారు బాబూ. ఒక్క బండైనా తిరిగొచ్చి నన్ను తిట్టలేదు."

ఆ నవ్వు నాయుడికి గుచ్చుకుంది. విసురుగా కారు పోనిచ్చాడు. తరవాతి బంకులో ప్రీమియం అసలు అమ్మరు. హిమజ బతిమాలింది, అరిచింది. అయినా దాన్నీ దాటేశాడు. అనకాపల్లి ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా కారు రెండు కుదుపులు కుదిపి రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

ఆటో దొరికి, కేంద్రానికి చేరేసరికి గేటు మూసి నాలుగు నిమిషాలైంది. నాయుడు కాపలాదారు చేతులు పట్టుకున్నాడు.

"నాలుగు నిమిషాలే కదా బాబూ! పిల్ల ఏడాది కష్టం!"

"నా చేతుల్లో లేదండీ" అన్నాడతను తల వంచుకుని.

నాయుడు కూతురి వైపు తిరిగాడు. "పోనీలేమ్మా, వచ్చే ఏడాది రాద్దువుగాని."

హిమజ కళ్లు ఎర్రబడ్డాయి. ఏడవలేదు.

"వచ్చే ఏడాది సరే, ఈ ఏడాది ఎక్కణ్ణుంచి తెచ్చిస్తావు నాన్నా? ఆ పెట్రోలే కావాలని కారు నిన్నడిగిందా? దానికి కావలసింది దాహం తీరడం. నీకు కావలసింది నలుగురూ నీవైపు చూడటం. నీ గొప్పకు బండి ఆగింది, నేనూ ఆగాను!"

 

వస్తువు విలువ దాని అవసరంలో ఉంటుంది, ధరలో కాదు. ఇది ఒప్పుకోనివాడి డాబుకు శిక్ష అనుభవించేది వాడొక్కడే కాదు, వాణ్ణి నమ్మి బయలుదేరినవాళ్లు కూడా.