గుబురయ్య కడుపు మాట

అనగనగా, పిల్లలూ, ఒక కొండ అడవిలో గుబురయ్య అనే ముసలి ఎలుగుబంటి ఉండేవాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ ఏది తిన్నా ఇట్టే అరిగిపోయేది. తెల్లవారగానే కడుపు ఖాళీ అయ్యేది. దాని గురించి ఆయన ఎప్పుడూ ఆలోచించనే లేదు.

ముసలితనంలో ఆ వరస తప్పింది. కడుపు రాయిలా బిగుసుకుపోయింది. ఎవరికైనా చెప్పాలంటే సిగ్గు. ముందు తిండి మానేశాడు. నీరసం వచ్చిందే గానీ కడుపు కదల్లేదు. తర్వాత పొదచాటున కూర్చుని చాలాసేపు ముక్కాడు. కళ్ళు తిరిగాయి. చివరికి రేలకాయ గుజ్జు తింటే విరేచనం అవుతుందని ఎవరో అనుకుంటుంటే చాటుగా విని, ఎంత తినాలో అడక్కుండా కడుపునిండా తినేశాడు. దాంతో విరేచనాలు పట్టుకుని, వాగు ఒడ్డున సొమ్మసిల్లి పడిపోయాడు.

నీళ్ళకు వచ్చిన కొండముచ్చు సింగారమ్మ ఆయన్ను చూసింది. ఆమెదీ ఆయన ఈడే. దోసిలితో నీళ్ళు తాగించి, ఏమైందని అడిగింది. గుబురయ్య తలెత్తకుండానే అంతా చెప్పాడు.

"నా కడుపే నన్ను మోసం చేసింది, సింగారమ్మా."

"మోసం కాదు, అన్నా. పేగు చుట్టూ కండ ఉంటుంది. అదే పిండుతూ తిన్నదాన్ని ముందుకు తోస్తుంది. ఎప్పుడు పిండాలో సన్నని నరాలు చెబుతాయి. వయసు మీద పడితే ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. అందినా కండ మునుపటంత గట్టిగా పిండలేదు. మనుషులకూ ఇంతేనట. కాళ్ళు మెల్లగా నడుస్తున్నాయని వాటిని కొడతావా?"

ఇన్నాళ్ళూ తను చేసింది అదేనని గుబురయ్యకు అర్థమైంది.

నీళ్ళు బాగా తాగమనీ, పీచున్న పళ్ళు కొద్దికొద్దిగా తినమనీ, పొద్దున్నే నడవమనీ, కడుపు పిలిచినప్పుడు వాయిదా వేయొద్దనీ ఆమె చెప్పింది. అలాగే చేశాడు. మెల్లగా కుదుటపడ్డాడు. ఒక్కోరోజు కడుపు ఇంకా మొరాయించేది. అయినా దాని మీద కోపం తెచ్చుకోలేదు.

వానలు పడ్డాక ఒకనాడు పొదచాటున ముసలి అడవిపంది ఒకడు మూలుగుతూ కనిపించాడు. ఏమైందని అడిగితే, ముల్లు గుచ్చుకుందని తల తిప్పుకున్నాడు. గుబురయ్య వెళ్ళిపోబోయి ఆగాడు. ఆ సిగ్గు ఆయనకు తెలుసు. వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నేనూ కడుపు కదలక నానా అవస్థా పడ్డానోయ్," అన్నాడు. "పద, వాగు దాకా నడుద్దాం. మెల్లగానే."

అడవిపంది లేచి ఆయన వెంట నడిచాడు.

నీతి: వయసుతో ఒంట్లో వచ్చే మార్పు తప్పు కాదు, దాన్ని దాచుకుని ఒంటితో పోట్లాడితేనే ముప్పు.