సవతిమిట్ట మీద చలవమ్మ వెలసిన కథ

ఈ కథ నాటికి బక్కమ్మకు నలభై ఏళ్లు. తెల్లవారగానే వాకిట్లో నిలబడి, ఊళ్లో ఎవరి పొయ్యి ముందు అంటుకుందో చూడటం ఆమె అలవాటు. సవతిమిట్ట చలవమ్మ అనే అమ్మవారు ఈ ఊళ్లో వెలసింది ఆమె వల్లనే.

కొండల దిగువన ఉన్న ఈ ఊరు చిన్నది. అంతా కలిపి నూట యాభై గడప దాటదు. వానాకాలంలో మాత్రమే పారే వాగు ఊరిని రెండు ముక్కలు చేస్తుంది. ఇవతల రేగడి చేలు, పెద్ద బావి, ఎక్కువమంది జనం. అవతల ఎర్రమట్టి మిట్ట, దాని మీద నలభై ఇళ్లు, మేకల దొడ్లు. మిట్ట మీద మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ.

పూర్వం ఇక్కడ మిట్ట మీద ఒక్క ఇల్లు కూడా లేదు. బక్కమ్మ భర్త గంగులయ్య, పిల్లలు లేరన్న వంకతో సింగారిని రెండో పెళ్లి చేసుకుని తెచ్చాడు. సింగారి వయసును బక్కమ్మ ఎలాగో సహించింది. తాను దూడనాటి నుంచి సాకిన గేదె సింగారి చేతికి ఎక్కువ పాలు చేపడం మాత్రం ఓర్చుకోలేకపోయింది. సింగారి పులుసు బాగుందని ఎవరైనా అంటే ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఇంట్లో పోరు పడలేకపోతున్న గంగులయ్యకు ఒక కల వచ్చింది. అమ్మవారు కనబడి, పెద్ద భార్యను మిట్ట మీద ఒంటరిగా కాపురం పెట్టించమన్నదట. మగవాళ్ల కలల్లోకి వచ్చే దేవతలు సాధారణంగా వాళ్లకు అనుకూలంగానే మాట్లాడతారు. ఊరి పెద్దలు చెంపలు వేసుకున్నారు.

"రోజూ దీపం పెట్టేది నేను. నాకు చెప్పకుండా నీకెందుకు చెప్పిందయ్యా?" అన్నది బక్కమ్మ.

మేకలను తోలుకుని ఆమె వాగు దాటింది. అప్పటి నుంచి అమ్మవారి మీద కూడా ఆమెకు కుళ్లు పుట్టింది.

మిట్ట మీద చుక్క నీరు లేదు. కడవ పట్టుకుని కిందికి దిగితే, బావి దగ్గర సింగారి నిండు కడుపుతో ఎదురొచ్చి, "నేను తోడిపెడతా అక్కా" అనేది. ఆ దయ తిట్టు కంటే ఎక్కువ కాల్చేది. బతికినన్నాళ్లూ సవతి చేతి నీళ్లే తాగాలా అన్నదే బక్కమ్మ బాధ.

ఒకనాడు ఆమె పెద్దల ముందుకు వచ్చి, తనకూ కల వచ్చిందని చెప్పింది. మిట్ట మీద తెల్లబండ కింద అమ్మవారు ఉన్నదట, గంగులయ్య ఒక్కడే తవ్వి తీయాలట. మిట్ట మొత్తంలో గట్టి నేల అదేనని మేకలు కాసే ఆమెకు తెలుసు. అతని అరచేతులు బొబ్బలెక్కాలి, అవి చూసి సింగారి ఏడవాలి. ఆమె కోరింది అంతే.

గంగులయ్య కలను నమ్మిన ఊరు ఆమె కలనూ నమ్మింది. అతను తవ్వక తప్పలేదు. బొబ్బలు లేచాయి, చిట్లాయి. బండ పక్కకు దొర్లగానే ముఖం లేని నల్లరాయి కనిపించింది. దాని కింది నుంచి నీరు ఉబికింది. అందరికంటే ఎక్కువ నిర్ఘాంతపోయింది బక్కమ్మ.

జనం మొక్కుతుంటే సింగారి పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "నిజంగా కల వచ్చిందా అక్కా?"

"మీ ఆయనకు వచ్చినంత నిజంగా."

సింగారి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అయితే నాకూ ఒకటి వస్తుందిలే."

"ముందు కాన్పు కానీ. కలల సంగతి తర్వాత."

గంగులయ్య చెమట తుడుచుకుంటూ, దేవత వెలసిన చోటే అందరం కాపురం ఉందామన్నాడు.

"నన్ను ఒంటరిగా ఉంచమని నీకు చెప్పింది ఈ అమ్మే కదా. ఆమె మాట దాటుతావా?" అన్నది బక్కమ్మ.

పెద్దలు తలూపారు. గంగులయ్య మిట్ట దిగిపోయాడు. తర్వాత మొగుడితో పొసగనివాళ్లు, అత్తింటివాళ్లు గెంటినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆ నీటి పక్కన గుడిసెలు వేసుకున్నారు. మిట్ట అట్లా ఊరైంది.

ఇప్పటికీ చలవమ్మకు పూజ చేసేది మిట్ట ఆడమనిషే. శ్రావణ మంగళవారాల్లో ఆడవాళ్లు రాతి ముందు వంగి, ఎవరిని చూస్తే తమకు కడుపు మండుతుందో పేరు పెట్టి చెప్పి, దోసెడు నీళ్లు తాగుతారు. తోడికోడలి గాజులు, చెల్లెలి ఉద్యోగం, పక్కింటి మేడ, ఏదైనా చెప్పుకోవచ్చు. విన్నవాళ్లు నవ్వకూడదు. అమ్మవారు కలలో చెప్పిందని ఏ మగవాడు వచ్చినా, మిట్ట ఆడవాళ్లు ఒప్పుకుంటేనే ఆ కల చెల్లుతుంది. దాచకుండా చెప్పుకున్నవారికి కంటినిండా నిద్ర పడుతుందని, ఇంట్లో పాడి నిలుస్తుందని భక్తుల నమ్మకం.

దిగువ బావి ఎండిన ఏడు బక్కమ్మ ఊరందరికీ నీళ్లిచ్చింది. చంకలో బిడ్డతో వచ్చిన సింగారిని మాత్రం వరుస చివర నిలబెట్టింది.