ముడి విప్పని పొట్లం

వడ్ల మిల్లు వెనక పెరట్లో కోళ్ళు, బాతులు, ఒక గాడిద ఉండేవి. దూరపు గూళ్ళలోని పెట్టలు మాట్లాడుకోవాలంటే ఆకు మీద గోటితో గీసి, పొట్లం కట్టి గాడిదకిచ్చేవి. ఎవరు తెచ్చిన పొట్లానికైనా పెరటి చెట్టు మీది గిజిగాడు వేసే ముడి అందుకోవలసిన పెట్ట ముక్కుకి తప్ప ఎవరికీ ఊడదు, మోసే గాడిదక్కూడా. ఏ పొదలో గుడ్లు దాచారో, ఏ పుంజు ఎంత పిరికివాడో, అన్నీ అందులోనే.

చెరుకుతోట నక్కకు నోరు ఊరేది గానీ ముడి ఊడేది కాదు.

ఈమధ్య చుక్కి అనే పడుచు పెట్టకు పొట్లాల్లో కుళ్ళు సరుకు రాసాగింది. ఒకసారి చచ్చిన తొండ, మరోసారి పురుగుల మాంసం. హడలిపోయి మేత మానేసింది. వెంటనే నక్క గోడెక్కింది.

"పిల్లల క్షేమం కోసం చెబుతున్నా ఎర్రక్కా. పొట్లాలన్నీ ముందు నేను విప్పి చూస్తా. మంచివే లోపలికి పంపుతా."

"నిజమే," అంది పుంజు. "అయినా ఊరికే ఎవరు పంపుతారు? ఈ పిల్లే ఎక్కడో ఇకిలించి ఉంటుంది."

"నువ్వు కూత కూయి, తీర్పులు మేం చెప్పుకుంటాం," అంది ముసలిపెట్ట ఎర్రక్క.

నక్క నవ్వింది. "దాచుకునేదే లేకపోతే ముడెందుకక్కా?"

"నీ బొరియకు ముళ్ళకంప అడ్డమెందుకు బావా? గుడ్డు పెట్టేదానికి దాపు కావాలి. అది పెట్టనివాడికేం తెలుసు!"

పిల్లల్ని పిలిచేముందు మేతను తానే పొడిచి చూడటం పెట్టజాతి అలవాటు. ఎర్రక్క ఆ పని గూటి చీమలకు అప్పగించింది. గుమ్మం లోపల పొట్లం పెడితే, కుళ్ళుంటే చీమలు పడతాయి. ఆపైన విప్పడమా, పారెయ్యడమా, నలుగురికీ చూపడమా అన్నది అందుకున్నదాని ఇష్టం.

"అయితే ఆ చీమలు నాకూ ఓ మాట చెప్పాలి," అంది నక్క.

"గడప దాటి చాడీ మోసిన చీమ నా ముక్కుకు పలహారం."

మర్నాడు చుక్కి చీమలు పట్టిన పొట్లం తెచ్చి పెరటి నడుమ పెట్టింది. నక్క గోడమీంచే గుండె బాదుకుంది.

"అయ్యో! పసిదానికి ఈసారి ఎలుక తోకా! నా మాట వింటే ఇలా జరిగేదా?"

చుక్కి మెడ నిక్కించింది. "నేనింకా ముడి విప్పలేదు బావా."

పెరడంతా గుమ్మడికాయల దొంగ వైపు తిరిగింది. చుక్కి తీరిగ్గా ముడి విప్పింది. ఎలుక తోకే. నక్క భుజాలు తడుముకునేలోపు గోడ పక్కనే ఉన్న గాడిద వెనక్కి తిరిగి ఒక్క తాపు తన్నింది. పుంజు నేలమీద లేని గింజలు వెతుక్కుంది.

ఆ సాయంత్రం చుక్కి ఆకు మీద ఏదో గీసి గాడిదకిచ్చింది. ఏం రాశావని ఎవరూ అడగలేదు.

కాపలా ఎవరిదైనా, గడియ మాత్రం మన తలుపుకి లోపలివైపే ఉండాలి.