చరణం సాగదీయని గవరమ్మ

అనగా అనగా, ఏటికి ఇంకా ఆనకట్టలు కట్టని రోజులు. ఏరు ఎటు పొర్లితే అటే దారి అనుకునే రోజులు. ఊ కొట్టండి మరి. మీరు ఊ కొట్టకపోతే నేనూ ఆగుతాను, నాతోపాటు ఏరూ ఆగుతుంది.

కొండల్లోంచి ఏరు బయటపడే చోట కొండగొంతి అని ఒక ఊరు. అదే ఏరు కిందికి పోయి పోయి రెండు పాయలుగా చీలే చోట, నడుమ ఈతలంక అని ఒక లంక. కొండగొంతిలో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఊళ్లోవాళ్ల వడ్లు దంచి, వాళ్లిచ్చిన నూకలతో జావ కాచుకుని బతికేది. దంపుళ్ల గవరమ్మ అంటే గాని ఎవరికీ తెలిసేది కాదు. ఆమెకు ఇద్దరు పిల్లలు. కూతురు పైడమ్మను ఈతలంకలో ఇచ్చింది. కొడుకు ఈరన్న తల్లి దగ్గరే ఉండేవాడు.

కొండగొంతి దగ్గర ఏటి మధ్యలో బర్రెబండ అని ఒక బండ ఉంది. వానాకాలంలో నీళ్లు దాని వీపు మీదికెక్కాయంటే, పది గడియల్లో ఈతలంక మునుగుతుంది. లంకవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? వాన కొండల్లో పడుతుంది, వాళ్ల నెత్తిన ఎండ కాస్తుంటుంది. పడవ మీద పోయి చెబుదామా అంటే, ఆ నీటిలో పడవ చేరుతుంది గాని మనిషి చేరడు. గుర్రం మీద పోదామా అంటే దారంతా రొచ్చు. అందుకని కొండగొంతివాళ్లు ఒక మనిషిని పరుగెత్తించేవారు. అతని చేతిలో గజ్జెల కర్ర ఉండేది. గజ్జెలు వినబడితే లంకవాళ్లు పిల్లాజెల్లా, గొడ్డూగోదా తోలుకుని గట్టెక్కాలి. వాళ్లు గట్టెక్కడానికి ఒక గడియ పడుతుంది. అంటే పరుగెత్తేవాడు తొమ్మిది గడియల్లో చేరాలి. పది పట్టిందా, వాడూ ఏరూ కలిసే చేరతారు.

ఆ కర్ర ఎవరికివ్వాలో ఏరువాక నాడు తేల్చేవారు. చావడి దగ్గర నుంచి ఊరి చివరనున్న గుండ్రాయి దాకా పోయి, దాన్ని చుట్టి రావాలి. ఒక్కటే పరుగు. ముందొచ్చినవాడికి దండ, డప్పులు, కర్ర. కిందటేడు కూడా అలాగే ఇచ్చారు. వాడు గాలిలా వెళ్లాడు, సగం దారిలో కూలబడ్డాడు, లేచి నడిచి నడిచి చేరేసరికి లంకలో దూడలు కొట్టుకుపోయాయి. అప్పుడు కొండగొంతివాళ్లు ఏమన్నారో తెలుసా? ఈ ఏడు ఏరు తొందరపడిందన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మనుషులు ఎక్కడైనా మనుషులే.

గవరమ్మ రోలు ఆ చావడి అరుగు కిందే ఉండేది. ఆమె దంచుతూ పాడేది.

పోటు పోటుకు పొట్టు రాలు
పొట్టు రాలితే గింజ తేలు

ఇది పల్లవి. చరణాలు బోలెడు. ఒక్క చరణం ఎక్కువా కాదు, ఒక్క చరణం తక్కువా కాదు, రోకలి ఎంత సమంగా పడితే పాట అంత సమంగా నడిచేది. పరుగు నేర్చే కుర్రాళ్లు ఆ పాటకే పరుగెత్తేవారు. ఆమె ఒక పోటు, అంటే ఒక విడత, దంచితే వాళ్లు గుండ్రాయి చుట్టి వచ్చేవారు. ఆమె చేట తీసుకుని చెరిగితే వాళ్లు రొప్పు తీర్చుకునేవారు. మళ్లీ దంపు, మళ్లీ పరుగు. మళ్లీ చెరుగు, మళ్లీ ఊపిరి. మూడు పోట్లు పడితే వడ్లు బియ్యమయ్యేవి.

చూసి చూసి గవరమ్మకు ఒక సంగతి తెలిసింది. మూడో పోటులో ఒకడు గుండ్రాయి చుట్టి వచ్చేలోగా తాను ఎన్ని చరణాలు పాడుతుందో, ఈతలంక చేరడానికి వాడికి అన్ని గడియలు పట్టేవి. అలా ఎందుకవుతుందో ఆమెకు తెలియదు. అవుతుందని తెలుసు. అడిగినవాళ్లకు ఒకటే మాట చెప్పేది. "మొదటి పోటు కండది నాయనా. రెండో పోటు మొండితనానిది. మూడో పోటు మనిషిది."

ఆ ఏడు ఏరువాక వచ్చింది. పరుగుకు ముగ్గురు నిలబడ్డారు. ఒకడు గవరమ్మ కొడుకు ఈరన్న. ఒకడు కర్రసాము చేసే నూకరాజు. ఒకడు బాతులు మేపుకునే పోలయ్య. పోలయ్యను చూసి అందరూ నవ్వారు. బాతుల వెనక పోయి పోయి ఇతనికీ ఆ నడకే వచ్చిందన్నారు. డప్పు మోగింది. ఈరన్న ముందొచ్చాడు, నూకరాజు తరవాత, పోలయ్య ఆఖరున.

ఊరి పెద్దకాపు కర్ర తీసి ఈరన్న చేతికివ్వబోయాడు. గవరమ్మ రోకలి గోడకు ఆనించి లేచింది.

"అయ్యా, వాడికివ్వకండి. నా కొడుకు తొమ్మిది గడియల్లో చేరలేడు."

చావడిలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. కన్నతల్లి అనే మాటేనా అది?

"మరెవరు చేరతారే గవరమ్మా?" అన్నాడు పెద్దకాపు.

"ఒక్కసారి కాదు, మూడుసార్లు పరుగెత్తించండి. నేను దంచుతాను, పాడతాను. మీరే లెక్కెట్టుకోండి."

సరే అని ముగ్గురినీ పరుగెత్తించారు. ఈరన్న మొదటి పోటుకు ఆరు చరణాల్లో వచ్చాడు, రెండో పోటుకు ఎనిమిదింటికి, మూడో పోటుకు పన్నెండింటికి. నూకరాజు ఏడింటికి, తొమ్మిదింటికి, పదకొండింటికి. పోలయ్య మొదటిసారి తొమ్మిది, రెండోసారి తొమ్మిది, మూడోసారి తొమ్మిది. వచ్చి, బాతులెటు పోయాయో అని చూసుకున్నాడు.

అయినా ఊరు ఊరుకుంటుందా? దండ వేసిన మెడకు కర్ర ఇవ్వకపోతే అరిష్టమన్నారు. కర్ర ఈరన్నకే ఇచ్చారు. ఈరన్న ఇంటికొచ్చి కర్ర మూలకు పెట్టాడు. జావ తాగలేదు. తల్లితో అన్నాడు.

"నలుగురిలో నా పరువు తీశావు కదే అమ్మా. ఆ పాట కాస్త మెల్లగా పాడితే నీ సొమ్మేం పోయేది?"

గవరమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక్కగానొక్క కొడుకు, పైగా ఆశగా అడిగాడు.

"కొడుకువని నీకోసం చరణం సాగదీస్తే, అక్కడ నీ అక్క మునుగుతుందిరా. దానికి నెలలు నిండాయి. ఈసారి వరదకు చంకలో పసిగుడ్డు ఉంటుంది. నేను చెప్పింది ఇవాళ్టి మాట. రేపటి మాట నీ కాళ్లు చెప్పాలి."

ఈరన్న రెండు రోజులు అలిగాడు. మూడో రోజు తనంతట తానే రోటి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "దంచవే," అన్నాడు. ఆమె దంచింది, అతను పరుగెత్తాడు. ఆమె చెరిగింది, అతను ఊపిరి తీసుకున్నాడు. మొదటి పోటులో ఉరకడం మానేశాడు. పోలయ్య బాతుల వెనక పోయి, అతనెలా అడుగు వేస్తాడో చూసి నేర్చుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ మూడో పోటు పన్నెండు నుంచి పదకొండుకొచ్చింది. పదకొండు నుంచి పదికొచ్చింది. పది దగ్గర నిలిచిపోయింది.

ఈలోగా పైడమ్మకు ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. గవరమ్మ ఊరంతా చలిమిడి పంచింది. ఆ సంబరం తీరకముందే కొండల్లో వాన పట్టుకుంది.

ఒక రోజు పొద్దెక్కేవేళ కావలివాడు కేక పెట్టాడు. నీళ్లు బర్రెబండ వీపు ఎక్కేశాయి.

ఈరన్న కర్ర పట్టుకుని చావడి దగ్గరికొచ్చాడు. ఊరంతా పోగైంది. "పద పద" అని అరుస్తున్నారు. అతను పరుగెత్తలేదు. రోటి వైపు చూశాడు.

"అమ్మా, ఇప్పుడు నాకెంత? నిజం చెప్పు."

గవరమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. తొమ్మిదని ఒక్క అబద్ధం ఆడితే చాలు, కొడుకు గొప్పవాడవుతాడు. అటు కూతురు. అటు పసిపిల్ల.

"పది, నాయనా," అంది.

ఈరన్న తలవంచుకున్నాడు. ఒక్క క్షణమే. తరవాత గుంపులోకి నడిచి వెళ్లి, గజ్జెల కర్ర పోలయ్య చేతిలో పెట్టాడు. "మా అక్క ఉందన్నా అక్కడ," అన్నాడు. పోలయ్య కర్ర అందుకున్నాడు. పంచె ఎగగట్టాడు.

అప్పుడు గవరమ్మకు ఇంకో సంగతి తట్టింది. దారిలో పిల్లపాయ ఉంది. మామూలు రోజుల్లో మోకాలి లోతు. ఇవాళ పడవ కావాలి. పడవవాడి గుడిసె అవతలి ఒడ్డున ఉంది. పోలయ్య పోయి, కేకేసి, వాడు విని, పడవ తెచ్చేసరికి ఉన్న కాస్త వ్యవధీ పోతుంది.

"ఈరన్నా, పిల్లపాయ దాకా నీ అంత వేగం ఈ ఊళ్లో ఎవరికీ లేదు. ముందు నువ్వు పో. పడవ ఇవతలి ఒడ్డుకు తెప్పించు. పోలయ్య ఆగకూడదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు భయపడకూడదురా. నీది మొదటి పోటు. ఊపిరి దాచుకోకు."

ఈరన్న ఉరికాడు. అలాంటి పరుగు కొండగొంతి అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు. పిల్లపాయ ఒడ్డున నిలబడి గొంతు పోయేదాకా అరిచాడు. పోలయ్య తన బాతు నడకతో, తొందరపడకుండా, ఆగకుండా వచ్చేసరికి పడవ ఇవతలి ఒడ్డున ఉంది. అతను ఎక్కాడు, దిగాడు, మళ్లీ అదే అడుగు. ఈరన్న ఇసుకలో వెల్లకిలా పడి, గజ్జెల చప్పుడు దూరమయ్యేదాకా విన్నాడు.

ఇక్కడ గవరమ్మ ఏం చేసింది? చేసేదేముంది, దంచింది. ఆ రోజు ఎవరి వడ్లు దంచిందో ఆమెకే తెలియదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఈరన్న, పోలయ్య ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఊళ్లోకొచ్చారు. గవరమ్మ రోకలి వదలకుండానే అడిగింది.

"పైడి?"

"గట్టు మీదుంది అత్తా," అన్నాడు పోలయ్య. "ఆఖరి దూడ గట్టెక్కాకే నీళ్లొచ్చాయి. నీ మనవరాలిని ఎత్తుకుంటే నా గజ్జెలు పట్టుకుని వదల్లేదు."

అప్పుడు ఏడ్చింది గవరమ్మ. రోకలి పడేసి, ఇద్దరినీ పట్టుకుని, ఊరు చూస్తోందని కూడా చూడకుండా ఏడ్చింది.

పెద్దకాపు వచ్చి, ఇక నుంచి కర్ర నీ చేత్తోనే ఇవ్వు గవరమ్మా అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "కర్ర నేనివ్వను బాబూ, పాట పాడతాను. ఎవరికివ్వాలో మీకే తెలుస్తుంది," అంది. మరుసటేడు ఏరువాకకు ఈరన్న మూడో పోటు తొమ్మిదికొచ్చింది. ఆ ఏడు కర్ర అతనిదే. కొట్టిన డప్పుల్లో పోలయ్యదే పెద్దది.

తరవాత ఎన్నో వానాకాలాలు వచ్చాయి, పోయాయి. గవరమ్మ ముసలిదై కన్నుమూసింది. సాగనంపే రోజున ఊరి ఆడవాళ్లు ఆమె పాటే ఎత్తుకున్నారు. ఏడుపుతో గొంతులు పట్టుకుపోయి పాట సాగిపోతోంది. ఈరన్న వెనక్కి తిరిగి చేతులు జోడించాడు.

"తల్లులారా, మా అమ్మ పాట సాగదీయకండి."

వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రోకలి పడ్డట్టే పాడారు.

ఇప్పుడు ఏటికి ఆనకట్టలున్నాయి. వడ్లు మిల్లుకు పోతున్నాయి. గజ్జెల కర్రతో ఎవరూ పరుగెత్తనక్కర్లేదు. అయినా ఆ చుట్టుపక్కల ఊళ్లలో పరుగుపందెం ఉందంటే పిల్లలు ముందు గుండ్రాయి దగ్గరికే పోతారు. మూడుసార్లు పరుగెత్తుతారు, నడుమ ఊపిరి తీసుకుంటారు. ఎవరైనా తమవాళ్లను మరీ పొగుడుతుంటే, చరణం సాగదీయకు అంటారు. ఇంకో పద్ధతి కూడా ఉంది. గుండ్రాయి దగ్గర పాట ఎవరుపడితే వాళ్లు పాడకూడదు. పరుగెత్తే బిడ్డ కన్నతల్లే పాడాలి.

మూడో పోటులో బిడ్డ రొప్పుతూ వస్తుంటే, ఏ తల్లికైనా గొంతు కాస్త సాగుతుంది. అప్పుడు పక్కనున్న ముసలమ్మ ఆమె భుజం తట్టి చెబుతుంది. సరిగ్గా పాడవే తల్లీ, గవరమ్మ వింటోంది.