ఆరు కుండల తగువు

ఏ రాజో గుర్తులేదు గానీ, ఆయన కోటలో పెళ్లికి కుమ్మరి సూరాలు నెత్తిన రెండు కుండలూ, ముగ్గురు కూలీల భుజాన మూడు కావిళ్లలో నాలుగేసి కుండలూ తెచ్చింది.

ఎడ్లబండి మీదొచ్చిన కోట పెత్తందారు, పారుపత్తేదారు, "నెత్తిన రెండు, కావిళ్లు మూడు, నాలుగేసి" అని రాసున్న సరుకు చీటీ చూసి గుడ్లురిమాడు. "రెండూ మూడూ అయిదు, అయిదు నాలుగుల ఇరవై. ఇక్కడున్నవి పద్నాలుగే! ఆరు కాజేశావు. నీ ఆవం పడగొట్టిస్తా!"

కుండలు కాల్చే ఆవం పోతే ఇక పొయ్యిలో పిల్లి లేవదు. సూరాలు బండికేసి చూసింది.

"అయ్యగారూ, తమరి కాళ్లు రెండు. ఎద్దులు రెండు, ఎద్దుకి నాలుగేసి కాళ్లు. తమ లెక్కన రెండూ రెండూ నాలుగు, నాలుగు నాలుగుల పదహారు. కనపడేవి పదే! తక్కిన ఆరు కాళ్లూ ఎక్కడ దాచారు బాబూ?"

పెళ్లికొచ్చిన జనం గొల్లున నవ్వారు. ఓ ముసలాయన వంగి బండి కింద వెతికాడు. పారుపత్తేదారు పంచె ఎత్తి తన కాళ్లు చూసుకుని, "ముందు కావిళ్లవి లెక్కెట్టి, నెత్తిన రెండూ తరవాత కలపండ్రా," అని గొణిగాడు.